పలకను తట్టి చూసినట్టు: సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, ఒక ప్రతిపాదన పాఠం



మన మార్కాపురం పలకలకు పేరు. మా అమ్మ పలకల పనికి వెళ్ళేది. పలకకు చెక్క ఫ్రేము బిగించే ముందు వేలి కణుపుతో ఒకసారి తట్టి చూసేది. గట్టి పలక ఖంగుమంటుంది. లోపల సన్నని చీలిక ఉంటే మొద్దుగా పలుకుతుంది. “పైకి రెండూ ఒకటేరా, తట్టితేనే తెలిసేది” అనేది. ఎం.సి.ఎ. క్లాసులో టెస్టింగ్ పాఠం మొదలైన రోజు నాకు ఆ మాటే గుర్తొచ్చింది. మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. అయినా ఈ పాఠం నాకు ముందు చెప్పింది మా అమ్మే.

టెస్టింగ్ అంటే ఏమిటి?

ప్రోగ్రాంకు ఒక ఇన్‌పుట్ ఇస్తాం. రావలసిన జవాబు ముందే రాసిపెట్టుకుంటాం. వచ్చిన జవాబును దానితో పోలుస్తాం. కలిస్తే పాస్, కలవకపోతే ఫెయిల్. ఇంతే. ఈ పోలికను కూడా చిన్న ప్రోగ్రాంగా రాసిపెడితే, ఆ తరువాత ఎవరు ఏ మార్పు చేసినా కంప్యూటరే మళ్ళీ తట్టి చూస్తుంది.

ఓపెన్ సోర్స్‌లో ఇది మరీ ముఖ్యం. లైనక్స్, ఫైర్‌ఫాక్స్, లిబ్రే ఆఫీస్ వంటి వాటి కోడ్‌ను ఎవరైనా చూడవచ్చు, మార్పులు పంపవచ్చు. అందరూ చూడవచ్చు గనుక తప్పులు ఉండవు అనుకోకూడదు. 2012లో విడుదలైన ఓపెన్ ఎస్ఎస్ఎల్ 1.0.1లో ఒక తప్పు దొర్లింది. అవతలివాడు చిన్న సందేశం పంపి “ఇది చాలా పెద్దది” అని అబద్ధపు కొలత చెప్పినా సర్వర్ నమ్మేది. తన మెమరీలోని రహస్యాలను 64 కిలోబైట్ల దాకా కలిపి తిరిగి పంపేది. ‘హార్ట్‌బ్లీడ్’ అనే ఈ లోపం 2014 ఏప్రిల్‌లో గాని లోకానికి తెలియలేదు. అబద్ధపు కొలతతో ఒక్క టెస్ట్ రాసి ఉంటే అది ముందే దొరికేది.

ఓపెన్ సోర్స్ కాని పెద్ద కంపెనీల సాఫ్ట్‌వేర్‌కూ ఈ బాధ తప్పదు. 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ అక్షరాన్ని ఒక ప్రత్యేకమైన కోడ్ల వరుసలో పంపితే ఐఫోన్లలో యాప్‌లు ఆగిపోయేవి. ఆపిల్ సంస్థ అదే నెలలో ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేసింది. తెలుగు అక్షరాలతో తట్టి చూడటం ఎంత అవసరమో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

గిద్దలూరులో ఎన్ని అక్షరాలు?

మన కంటికి నాలుగు: గి, ద్ద, లూ, రు. యూనికోడ్ లెక్కలో తొమ్మిది. హల్లుకు ఒకటి, గుణింతపు గుర్తుకు ఒకటి, ఒత్తు కలిపే పొల్లుకు ఒకటి. మార్కాపురం కూడా కంటికి నాలుగే, కంప్యూటరుకు పది. కాగితం తీసుకుని లెక్కపెట్టి చూడండి.

ఏదైనా ప్రోగ్రాం నాలుగు కోడ్ల దగ్గర కత్తిరిస్తే గిద్దలూరు కాస్తా ‘గిద్’ అవుతుంది. ఒత్తక్షరాన్ని మధ్యలో విడదీయరాదన్న నియమం తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు యూనికోడ్ 15.1లో, అంటే 2023లో చేరింది. పాత నియమంతో రాసిన ప్రోగ్రాంలు ఇంకా తప్పుగా కత్తిరించవచ్చు.

నేను చేసిన తప్పు

గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ అనే కార్యక్రమం 2005లో మొదలైంది. అభ్యర్థి ఒక ఓపెన్ సోర్స్ సంస్థకు ప్రతిపాదన పంపాలి. ఎంపికైతే ఒక మెంటర్ దగ్గర పనిచేయాలి, స్టైపెండ్ వస్తుంది. 2022 నుండి విద్యార్థులు కానివారికీ, 18 ఏళ్ళు నిండిన కొత్తవారికి అవకాశం ఇచ్చారు. దరఖాస్తుకు ఫీజు లేదు. ఎవరైనా అడిగితే నమ్మకండి.

మన హాస్టల్లో చదివి, డిగ్రీలో చేరిన గిద్దలూరు వైపు తమ్ముడొకడు నాకు ఫోన్ చేశాడు. “అన్నా, టెస్టింగ్ మీద ప్రపోజల్ పెడతా, కాస్త చూడవా?” అన్నాడు. నేను చూడలేదు, రాసేశాను. రెండు రాత్రులు కూర్చుని పది పేజీలు, ఐదు వందల టెస్టులు రాస్తామని పెద్ద మాటలు. మా తమ్ముడు గెలవాలన్న ఆత్రం తప్ప వేరే ఉద్దేశం లేదు.

ఆ ప్రాజెక్టు పెద్దలు ఒకే ప్రశ్న పంపారు: “మీ మొదటి టెస్ట్ ఏది? అది ఇప్పుడు ఎందుకు ఫెయిల్ అవుతోంది?” తమ్ముడు మళ్ళీ ఫోన్ చేశాడు. “ఏం చెప్పమంటావన్నా?” అన్నాడు. నాకు నోట మాట రాలేదు. చెప్పవలసింది అతను, రాసింది నేను. సాయం చేశాననుకుని అతని నోరు కట్టేశాను.

గడువుకు తొమ్మిది రోజులు మిగిలాయి. ఆ పది పేజీలు పక్కన పెట్టమన్నాను. “ఆ సాఫ్ట్‌వేర్‌లో నీకు నచ్చనిది ఏంది?” అని అడిగాను. కాసేపు ఆలోచించి, “మా ఊరి బడి పేరు పెద్దదన్నా. తెర మీద పట్టక చివర ‘గిద్’ అని తెగిపోతా ఉంది” అన్నాడు. అదే మొదటి టెస్ట్! ఇన్‌పుట్ గిద్దలూరు, హద్దు నాలుగు కోడ్లు, రావలసింది ‘గి’, వస్తున్నది ‘గిద్’. ఇక నేను ప్రశ్నలు మాత్రమే అడిగాను. రాసింది అంతా అతనే. మూడు పేజీలు వచ్చింది.

ప్రతిపాదన రాసేవారికి ఐదు ప్రశ్నలు

1. ఇప్పుడు ఫెయిల్ అవుతున్న ఒక్క టెస్ట్ చూపగలవా? వేరేవాళ్ళు నడిపినా అలాగే ఫెయిల్ కావాలి.

2. రావలసిన జవాబు ఇదేనని ఏ నియమం చెబుతోంది? “నాకు అనిపించింది” అంటే చాలదు.

3. ప్రాజెక్టులో ఇప్పటికే ఏ టెస్టులు ఉన్నాయి? చదవకుండా కొత్తవి మొదలుపెట్టవద్దు.

4. వారంవారం ఏం పూర్తవుతుంది? చిన్న ప్రాజెక్టుకు 90 గంటలు, మధ్యరకానికి 175, పెద్దదానికి 350. పరీక్షల రోజులు తీసేసి లెక్క వేసుకో.

5. నువ్వు వెళ్ళిపోయాక ఆ టెస్టులను ఎవరు నడుపుతారు? మార్పు వచ్చిన ప్రతిసారీ వాటంతట అవే నడిచేలా ఏర్పాటు చెయ్యాలి.

మెంటర్‌గా ఉండేవారికి ఒకటే నియమం: కలం తమ్ముడి చేతిలో ఉండాలి. ఇప్పుడు ఏఐని అడిగితే పది పేజీలు నిమిషంలో వస్తాయి. కాని ఎదుటివారు అడిగే మొదటి ప్రశ్నకు జవాబు మన దగ్గరే ఉండాలి గదా!

చివరికి ఏమైంది?

ఆ ఏడాది అతను ఎంపిక కాలేదు. స్టైపెండ్ వస్తే ఇంటి అప్పు కొంత తీర్చాలనుకున్నాడు, అది జరగలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఆ ఒక్క టెస్టును, దాంతోపాటు మార్కాపురం మీద రాసిన ఇంకో టెస్టును ప్రాజెక్టుకు పంపాడు. చేర్చుకున్నారు. కొన్ని వారాల తరువాత ఎక్కడో ఎవరో చేసిన మార్పుకు ‘గిద్దలూరు’ టెస్ట్ ఫెయిల్ అని ఎర్రగా చూపించింది. ఆ మార్పును సరిచేశాకే లోపలికి రానిచ్చారు. ఆ కబురు చెప్పేటప్పుడు అతని గొంతులో ఉన్న సంతోషం నేనెప్పటికీ మరువను.

ఈసారి మళ్ళీ పెడుతున్నాడు. నన్ను చూడమన్నాడు. ఈసారి నిజంగా చూస్తాను, అంతే.

తమ్ముళ్ళారా, మీలో ఎవరికి ఆసక్తి ఉన్నా ముందు మీ ఊరి పేరు కాగితం మీద రాసి, కోడ్లు లెక్కపెట్టండి. తరువాత కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి తట్టి చూడండి. అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.

– ఒక పూర్వ విద్యార్థి, ఎం.సి.ఎ.