బంటు ఎక్కువున్నా డ్రా ఎందుకవుతోంది?

ప్రశ్న: మా అబ్బాయికి పదకొండేళ్లు. చెస్ టోర్నమెంట్లలో చివరికి ఒక బంటు ఎక్కువ మిగుల్చుకుని కూడా డ్రా చేసుకుని వస్తున్నాడు. లోపం ఎక్కడుంది?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: బహుశా బంటును ముందు తోసి, రాజును వెనక నడిపిస్తున్నాడమ్మా. పిల్లలు ఎక్కువగా చేసేది ఇదే. మంత్రులు, ఏనుగులు పోయాక రాజు మూల దాక్కోనక్కర్లేదు. తనే ముందు నడిచి దారి చేయాలి.

బోర్డు మీద ఇలా పెట్టించండి: తెల్ల రాజు ఈ5, తెల్ల బంటు ఈ4, నల్ల రాజు ఈ7. ఎత్తు నల్లదైతే తెల్లకు గెలుపే. నల్ల రాజు పక్కకో వెనక్కో తప్పుకోక తప్పదు, తెల్ల రాజు ఆరో వరుసలోకి చొరబడుతుంది. ఎత్తు తెల్లదైతే మాత్రం డ్రా. ఈ ఎదురుబొదురు నిలబడటాన్నే ఆపోజిషన్ అంటారు. ఇప్పుడు అదే బంటును ఈ3లో ఉంచండి. ఎత్తు తెల్లదే అయినా, బంటును ఈ4కు జరిపి వంతు అవతలివాడికి అప్పగించవచ్చు. తొందరపడి తోసెయ్యకుండా దాచుకున్న ఆ ఒక్క ఎత్తే ఆటను గెలిపిస్తుంది! చెస్‌లో నాకు ఇంతకన్నా అందమైన పాఠం కనిపించలేదు.

అంచు బంటుకు ఈ లెక్క పనిచేయదు. ఎదుటి రాజు దాని ముందున్న మూలకు చేరిందంటే డ్రానే. అందుకే చివరి ఏనుగులు మార్చుకునే ముందే, మిగిలేది ఏ బంటో చూసుకోమనండి. ఇంట్లో మీరే నల్ల రాజై అతనితో ఆడండి.