పెద్దమ్మ ముఖం మసకగా వచ్చింది: షార్ట్ ఫిల్ముకు కెమెరా ఎంచుకోవడం ఎలా?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమంటే చిన్ననాటి జ్ఞాపకాలు రాద్దామనుకున్నాను. ఈలోగా పదో తరగతి తమ్ముడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, రిటైరవుతున్న వాచ్‌మన్ తాత మీద చిన్న సినిమా తీస్తున్నాం. సీనియర్లు తలా కొంత వేస్తామన్నారు. ఏ కెమెరా కొనాలి? ఫోకస్ దానంతటదే పట్టుకునేది కావాలి" అన్నాడు. ఫోన్లో చెప్పి ముగించే సంగతి కాదది. అందుకే జ్ఞాపకాలు పక్కన పెట్టి ఈ పాఠం రాస్తున్నాను. అయినా ఒక జ్ఞాపకంతోనే మొదలుపెట్టక తప్పదు.

2014లో మన వంట పెద్దమ్మ పని మానేస్తోందని తెలిసి, ఆరుగురం కలిసి డబ్బులు పోగేసి ఒక డిఎస్‌ఎల్‌ఆర్ కెమెరాను ఒక్కరోజుకు అద్దెకు తెచ్చాం. ఆటోఫోకస్ ఉంది, అంతా అదే చూసుకుంటుంది అన్నాడు అద్దెకిచ్చినాయన. పెద్దమ్మను వంటగదిలో పీట మీద కూర్చోబెట్టి మాట్లాడించాం. అన్నం చాలని రోజు ఎవరికి ఎలా సర్దిందో, జ్వరమొచ్చిన పిల్లలకు విడిగా జావ ఎలా కాచిందో చెప్పింది. రెండు ముక్కలుగా ఇరవై నిమిషాలు వచ్చింది. కెమెరా వెనకున్న చిన్న తెర మీద అంతా బాగానే కనిపించింది. ఇంటికెళ్లి కంప్యూటర్లో వేసుకున్నాక చూస్తే, గోడ మీది క్యాలెండర్లో తేదీలు ఒక్కొక్కటీ చదవొచ్చు. పెద్దమ్మ ముఖం మాత్రం ఆవిరి పట్టిన అద్దంలో చూసినట్టుంది. మధ్యమధ్యలో ఒక క్షణం తేటపడి మళ్లీ మసకబారుతుంది. రెండేళ్లకు పెద్దమ్మ కాలం చేసింది. ఆ ఇరవై నిమిషాల్లో ఆమె గొంతు ఒక్కటే మిగిలింది.

తప్పు ఎక్కడ జరిగిందో నాకు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. కాస్త ఓపికగా చదవండి, ఇది మన ఫిజిక్స్ పాఠమే.

కెమెరా ఫోకస్ వెతుక్కోవడానికి ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి. మొదటిది కాంట్రాస్ట్ పద్ధతి. పాత రేడియోలో స్టేషన్ పట్టుకోవడం గుర్తుందా? మర తిప్పుతూ పోతాం, పాట స్పష్టంగా వినిపిస్తుంది, ఇంకొంచెం తిప్పితే గరగర మొదలవుతుంది, అప్పుడు వెనక్కి తిప్పుతాం. కాంట్రాస్ట్ పద్ధతి కూడా అంతే. లెన్సును ముందుకు, వెనక్కి జరిపి చూస్తేగాని బొమ్మ ఎక్కడ తేటగా ఉందో దానికి తెలియదు. ఫోటోకైతే ఫరవాలేదు, అర సెకను ఆగుతాం. వీడియోలో ఆ వెతుకులాట అంతా రికార్డయిపోతుంది. రెండోది ఫేజ్ పద్ధతి. లెన్సు ఒక పక్కనుంచి వచ్చిన వెలుగును, ఇంకో పక్కనుంచి వచ్చిన వెలుగును పోల్చి చూసి, ఎటువైపు ఎంత జరపాలో ముందే లెక్కకడుతుంది. రెండు కళ్లతో దూరం అంచనా వేసి గోలీ కొట్టినట్టన్నమాట. వెతుకులాట చాలావరకు తగ్గిపోతుంది.

ఫోటోలు తీసేటప్పుడు డిఎస్‌ఎల్‌ఆర్‌లు ఫేజ్ పద్ధతినే వాడేవి. కాని అందుకోసం వెలుగును అద్దం ద్వారా విడి సెన్సారుకు పంపేవి. వీడియో తీయాలంటే ఆ అద్దం పైకి లేవాలి. లేచిందంటే ఫేజ్ పద్ధతి ఆగిపోయినట్టే. 2013లో వచ్చిన కెనాన్ ఈఓఎస్ 70డి ఈ చిక్కు విప్పింది. అసలు సెన్సారులోని ఒక్కో పిక్సెల్‌నే రెండు భాగాలు చేసి, ఆ రెండింటినీ పోల్చుకునేలా తయారుచేశారు. డ్యూయల్ పిక్సెల్ ఆటోఫోకస్ అంటే ఇదే. సోనీ వాళ్లు సెన్సారు మీదే వందల కొద్దీ ఫేజ్ బిందువులు పెట్టారు. 2016 నాటి ఎ6300లో అవి 425. పానాసోనిక్ మాత్రం చాలాకాలం కాంట్రాస్ట్ పద్ధతినే మెరుగుపరుచుకుంటూ వచ్చి, 2023లో ఎస్5 మార్క్ 2తో ఫేజ్ పద్ధతిలోకి మారింది. జిహెచ్5 లాంటి పాత పానాసోనిక్‌లు సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతాయి, వాటి బొమ్మ నిజంగా బాగుంటుంది. చేత్తో ఫోకస్ తిప్పడం వచ్చినవాళ్లు నిశ్చింతగా కొనొచ్చు. ఆటోఫోకస్ మీదే ఆధారపడేవాళ్లకు నేను చెప్పను.

ఇక అసలు మోసపోయే చోటుకు వస్తున్నాను. పెట్టె మీద "డ్యూయల్ పిక్సెల్" అని ఉంటుంది, "4కె వీడియో" అని ఉంటుంది. రెండూ నిజమే. కాని రెండూ ఒకేసారి పనిచేస్తాయని ఎక్కడా రాసి ఉండదు! 2018లో వచ్చిన కెనాన్ ఎం50, 2019లో వచ్చిన 200డి మార్క్ 2 ఇలాంటివే. ఫుల్ హెచ్‌డిలో డ్యూయల్ పిక్సెల్ చక్కగా పనిచేస్తుంది. 4కెకి మార్చగానే పాత కాంట్రాస్ట్ పద్ధతికి దిగిపోతుంది. 2023లో వచ్చిన ఆర్100 కూడా అంతే. అదే ఏడాది వచ్చిన ఆర్50లో మాత్రం 4కెలోనూ డ్యూయల్ పిక్సెల్ ఉంటుంది. పేర్లు చూస్తే ఆర్100 పెద్దదనిపిస్తుంది, నిజానికి అదే చిన్నది. పాత ఎం50 కొన్నా నష్టం లేదు, ఫుల్ హెచ్‌డిలోనే తీయండి. మన హాస్టల్ ప్రొజెక్టరుకు అది చాలు. కాకపోతే ఆ ఎం వరసను కంపెనీ ఆపేసింది కాబట్టి లెన్సులు సెకండ్‌హ్యాండ్‌లోనే వెతుక్కోవాలి. చాలా ఇళ్లలో కనిపించే 1500డిలో డ్యూయల్ పిక్సెల్ లేదు, బయటి మైకు పెట్టుకునే రంధ్రం కూడా లేదు. పెళ్లి ఫోటోలకు మంచిదే, మన పనికి వద్దు. 2017 నాటి మొదటి 200డిలో 4కె లేకపోయినా డ్యూయల్ పిక్సెల్, మైకు రంధ్రం రెండూ ఉన్నాయి. తక్కువ డబ్బుల్లో నా ఓటు దానికే. కొంచెం ఎక్కువ పెట్టగలిగితే 2021లో వచ్చిన సోనీ జడ్‌వి-ఇ10 మనుషుల ముఖాలను బాగా పట్టుకుంటుంది. చేతిలో పట్టుకుని నడిస్తే మాత్రం బొమ్మ ఊగుతుంది, స్టాండు తప్పనిసరి.

లెన్సు సంగతి కూడా చూడండి. లెన్సులోని మోటారు గరగరలాడితే కెమెరా మైకులో ఆ చప్పుడే వినిపిస్తుంది. కెనాన్‌లో ఎస్‌టిఎం అని రాసున్నవి కొంత నయం. వెనకభాగం మసకగా రావాలని అందరూ 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు కొంటారు. నేనూ కొన్నాను. 200డి లాంటి కెమెరాకు దాన్ని తగిలించి, పూర్తిగా తెరిచి, ఐదడుగుల దూరంలో మనిషిని కూర్చోబెడితే తేటగా వచ్చే లోతు సుమారు రెండున్నర అంగుళాలే. మనిషి నవ్వుతూ కొంచెం ముందుకు వంగితే కళ్లు ఆ లోతులోంచి బయటికి వెళ్లిపోతాయి. అదే ఎఫ్ 5.6 దగ్గర పెడితే ఏడంగుళాల పైచిలుకు దొరుకుతుంది. ఎంత మంచి ఆటోఫోకస్ అయినా మనం కొంత చోటివ్వాలి కదా!

కొనేముందు కోఠిలోనో, కృష్ణానగర్‌లోనో, మీ జిల్లా కేంద్రంలోనో, ఎక్కడైనా సరే, ముందు ఒకరోజు అద్దెకు తీసుకుని పరీక్ష పెట్టండి. మీరు తీయబోయే మోడ్‌లోనే, ఆ లెన్సుతోనే పెట్టండి. స్నేహితుణ్ణి పదిహేను అడుగుల దూరం నుంచి కెమెరా వైపు నడిపించండి. తర్వాత కూర్చోబెట్టి, చేతులు తిప్పుతూ మాట్లాడమనండి. చెయ్యి ముఖానికి అడ్డొచ్చినప్పుడు ఫోకస్ ఎటు పోతుందో, చెయ్యి తీశాక ఎంతసేపటికి తిరిగొస్తుందో చూడండి. మధ్యలోంచి ఇంకొకణ్ణి అటూ ఇటూ నడిపించండి. అన్నిటికంటే ముఖ్యమైనది కిటికీ పరీక్ష. మనిషిని కిటికీకి ముందు కూర్చోబెడితే వెనక వెలుగుకు ముఖం చీకటవుతుంది. మనవి నల్లటి ముఖాలు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కాని కళ్లూ ముక్కూ తేడా తెలిసేంత వెలుగు లేకపోతే కెమెరా ముఖాన్ని గుర్తుపట్టక వెనకున్న ఊచలను పట్టుకుంటుంది. షాపులో తెల్లటి లైట్ల కింద సేల్స్ కుర్రాడి మీద చూపించే పరీక్షను నమ్మొద్దు. మన గదిలో, మన ట్యూబులైటు కింద, మన ముఖాల మీద చూసుకోండి. అన్నట్టు, సెకనుకు 25 ఫ్రేములు పెట్టి షట్టర్‌ను 1/50 దగ్గర ఉంచితే ట్యూబులైటు మిణుకు చాలావరకు కనబడదు. తీసినదంతా పెద్ద తెర మీద వేసి చూడండి. చిన్న తెరను నమ్మి మేమెలా నష్టపోయామో పైన చెప్పాను.

ఇంతకీ ఆ రోజు తప్పంతా కెమెరాదేనా అంటే, కాదు. ఫ్రేములో మనిషిని ఒక పక్కకు కూర్చోబెడితే అందంగా ఉంటుందని ఏదో పుస్తకంలో చదివి పెద్దమ్మను ఎడమపక్కకు పెట్టాను. ఫోకస్ బిందువు మాత్రం మధ్యలోనే ఉండిపోయింది. మధ్యలో ఉన్నది క్యాలెండర్. పైగా కదలకుండా కూర్చున్న మనిషికి ఆటోఫోకస్‌తో పనేముంది? కంటి మీద ఒకసారి ఫోకస్ పట్టించి, లెన్సు మీది మీటను ఎంఎఫ్ వైపు తోసేస్తే సరిపోయేది. ఆ మీట సంగతి మా ఆరుగురిలో ఒక్కరికీ తెలియదు. 2011లో రాంగోపాల్ వర్మ "దొంగల ముఠా"ను కెనాన్ 5డి కెమెరాలతో ఐదు రోజుల్లో తీశారు. అప్పటి 5డి మార్క్ 2లో వీడియో తీస్తుండగా వెంట నడిచే ఆటోఫోకస్సే లేదు. అక్కడ ఫోకస్ తిప్పడం తెలిసిన చేతులున్నాయి. అలాంటి మనిషిని పెట్టుకోలేని మనకే నమ్మదగ్గ ఆటోఫోకస్ అవసరం, అదీ మనిషి నడిచేటప్పుడు, పని చేసుకునేటప్పుడు.

డబ్బులు పోగవకపోతే ఆగిపోవద్దు. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి ఫేజ్ పద్ధతి ఉంది. సెన్సారు చిన్నది కాబట్టి తేటగా వచ్చే లోతూ ఎక్కువే. 2015లో వచ్చిన "టాంజరీన్" అనే అమెరికన్ సినిమాను ఐఫోన్ 5ఎస్‌తో తీశారు. చాలా ఫోన్లలో తెర మీద ముఖాన్ని కాసేపు నొక్కి పట్టుకుంటే ఫోకస్ అక్కడే ఆగిపోతుంది. తాత కూర్చుని మాట్లాడే భాగాన్ని అలాగే తీయండి. ఆయన రాత్రి లాంతరు పట్టుకుని గేటు దాకా నడిచే భాగానికి మాత్రం కెమెరా అద్దెకు తీసుకోండి. ముందురోజు సాయంత్రమే తెచ్చుకుని, ఆ గేటు దగ్గరే, ఆ లాంతరు వెలుగులోనే ఒకసారి తీసి చూసుకోండి. తాతకు ఓపిక తక్కువ, ఆయన బదులు మీలో ఒకడు నడవండి. అద్దె రసీదు మీద సంతకం పెట్టేముందు బ్యాటరీలు రెండున్నాయో లేదో లెక్కపెట్టుకోండి, చార్జరు అడిగి తీసుకోండి.