మేనేజ్‌మెంట్ కన్సల్టింగ్ ఉద్యోగం – డిగ్రీ విద్యార్థులకు తొలి పాఠం



మన ఉపకార వేతనం అందుకుంటున్న పిల్లల్లో చాలామంది ఈ మధ్య అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "అంకుల్, కన్సల్టింగ్‌లో చేరాలంటే ఏం చదవాలి?" నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా చేరి, అక్కడే రిటైరైనవాణ్ణి. ఇప్పుడు బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఉంటున్నాను. ఇక్కడి పీజీ హాస్టళ్ల ముందు నిలబడితే ఎటు చూసినా మన తెలుగే వినిపిస్తుంది. ఆ పిల్లలతోను, ఈ రంగంలో పనిచేస్తున్న ఇరుగుపొరుగు వారితోను మాట్లాడి తెలుసుకున్న విషయాలకు నాకు తెలిసిన లెక్కలు జోడించి ఈ పాఠం రాస్తున్నాను.

1. ముందు మాట తేడా తెలుసుకోండి

మనవాళ్లలో "కన్సల్టెన్సీ" అనగానే ఉద్యోగాలు ఇప్పించే ఆఫీసో, పిల్లల్ని విదేశాలకు పంపే ఆఫీసో గుర్తుకొస్తుంది. మేనేజ్‌మెంట్ కన్సల్టింగ్ అది కాదు. ఒక కంపెనీకో ప్రభుత్వానికో వచ్చిన సమస్యను పరిశీలించి, లెక్కలు కట్టి, ఏం చేస్తే బాగుంటుందో సలహా చెప్పి, ఆ కంపెనీ నుండి ఫీజు తీసుకునే వృత్తి ఇది. ఇందులో డబ్బు కట్టేది సలహా అడిగిన సంస్థ. ఉద్యోగం కోరి వచ్చిన అభ్యర్థి కాదు.

ఈ తేడా తెలియక నష్టపోయిన కుటుంబాలున్నాయి. మా వీధి పీజీలో ఉన్న ఒక అబ్బాయి రెండు లక్షలు కట్టి, చేయని ఉద్యోగానికి అనుభవ పత్రం తెచ్చుకున్నాడు. తల్లి గాజులు కుదువపెట్టి తెచ్చిన డబ్బది. ఉద్యోగం వచ్చింది. నాలుగో నెలలో పాత ఉద్యోగ వివరాల తనిఖీ జరిగింది, ఉద్యోగం పోయింది. బంగారం మీద వడ్డీ మాత్రం ఇంకా నడుస్తోంది. "బ్యాక్‌డోర్", "డిపాజిట్", "ట్రైనింగ్ ఫీజు కడితే ఆఫర్ లెటర్" అనే మాటలు వినపడితే అక్కడి నుండి లేచి వచ్చేయండి.

2. ఈ వృత్తి ఎక్కడిది?

అమెరికాలో 1926లో జేమ్స్ మెకిన్సీ అనే ఆయన మెకిన్సీ సంస్థను ప్రారంభించారు. ఆయన షికాగో విశ్వవిద్యాలయంలో అకౌంటింగ్ ఆచార్యులు. అంటే ఈ వృత్తికి పునాది వేసిన వారిలో ఒకరు మన కామర్స్ మనిషే. తర్వాత 1963లో బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్, 1973లో బెయిన్ వచ్చాయి. వీటితోపాటు డెలాయిట్, పీడబ్ల్యూసీ, ఈవై, కేపీఎంజీ అనే నాలుగు పెద్ద సంస్థలు ఆడిట్‌తో పాటు సలహా సేవలూ అందిస్తాయి. యాక్సెంచర్ వంటివి సాంకేతిక రంగం వైపు నుండి ఈ పని చేస్తాయి. వీటన్నిటికీ బెంగళూరులో కార్యాలయాలున్నాయి.

బ్యాంకులో ఖాతాదారు వివరాలు బయటపెట్టకూడదని మాకు మొదటి రోజే చెప్పేవారు. ఇక్కడా అంతే. మెకిన్సీకి 1994 నుండి 2003 వరకు అధిపతిగా ఉన్న రజత్ గుప్తా హైదరాబాదులోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ స్థాపనలోనూ ముఖ్యులు. ఆ పదవి నుండి దిగిన తర్వాత, తాను డైరెక్టరుగా ఉన్న బ్యాంకు రహస్య సమాచారాన్ని బయటివారికి చేరవేసిన కేసులో 2012లో న్యూయార్క్‌లో దోషిగా తేలారు. ఎంత ఎత్తుకు ఎదిగినా ఈ ఒక్క నియమానికి మినహాయింపు లేదు.

3. మన రాష్ట్రం చూసిన ఉదాహరణ

1999 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం "విజన్ 2020" అనే ప్రణాళికను విడుదల చేసింది. దాని తయారీలో మెకిన్సీ సాయం ఉంది. ఐటీ, ఓడరేవులు, పర్యాటకం వంటి రంగాలను ఎంచుకుని పెంచాలని అందులో ఉంది. వ్యవసాయం మీద ఆధారపడే వారి వాటాను 70 శాతం నుండి 40 శాతానికి తగ్గించాలనే ఆలోచన కూడా ఉంది.

2001లో మెదక్ జిల్లాలో "ప్రజాతీర్పు" పేరిట చిన్న రైతులు, కూలీలు జ్యూరీగా కూర్చున్నారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు. నిపుణుల వాదనలు విని, తమను భూమికి దూరం చేసే మార్గం తమకు వద్దని చెప్పారు. ఎవరు ఒప్పు అన్న చర్చలోకి నేను వెళ్లడం లేదు. కన్సల్టెంటు కాగితం మీద మార్చే ఒక్క శాతం వెనుక వేల ఇళ్లుంటాయి. లెక్క ఎంత సరిగ్గా వచ్చినా, ఆ ఇళ్లవారిని అడగకపోతే సలహా సగమే పూర్తయినట్లు.

4. ఇంటర్వ్యూలో ఏమడుగుతారు?

ఇక్కడ ఇంటర్వ్యూలో ఒక వ్యాపార సమస్య ఇచ్చి, మీరెలా ఆలోచిస్తారో చూస్తారు. దీన్ని "కేస్" అంటారు. ఒకటి కలిసి చేద్దాం. అంకెలు అభ్యాసం కోసం నేను వేసుకున్నవే.

"ఒక టిఫిన్ హోటల్లో అమ్మకాలు పెరిగాయి, లాభం తగ్గింది. ఎందుకు?"

నిరుడు రోజుకు 400 ప్లేట్లు, ప్లేటు రూ.50 చొప్పున రాబడి రూ.20,000. సరుకులు ప్లేటుకు రూ.20 చొప్పున రూ.8,000, జీతాలు రూ.5,000, అద్దె రూ.2,000, గ్యాస్, కరెంటు రూ.1,000. మొత్తం ఖర్చు రూ.16,000. లాభం రూ.4,000.

ఈ ఏడు 420 ప్లేట్లు, రాబడి రూ.21,000. అందులో 100 ప్లేట్లు ఫోన్ యాప్ ద్వారా పోతున్నాయి, వాటిపై 20 శాతం కమీషన్ రూ.1,000. సరుకుల ఖర్చు ప్లేటుకు రూ.24 అయి రూ.10,080కి చేరింది. మిగతా ఖర్చులు మారలేదు. మొత్తం ఖర్చు రూ.19,080. లాభం రూ.1,920.

చాలామంది వెంటనే "యాప్ మానేయాలి" అంటారు. ఆగి లెక్క చూడండి. హోటల్లో తినే ప్లేటు మీద సరుకులు పోగా రూ.26 మిగులుతుంది. యాప్ ప్లేటు మీద కమీషన్ కూడా పోగా రూ.16 మిగులుతుంది. యాప్ ప్లేట్లు వందకు వచ్చేది రూ.1,600. యాప్ మానేస్తే ఆ వందలో కనీసం 62 ప్లేట్లు హోటల్‌కే తిరిగి రావాలి, లేకపోతే నష్టమే. వస్తాయో రావో మనకు తెలియదు, కనుక్కోవాలి. నిరుడు హోటల్లో 400 ప్లేట్లు పోయేవి, ఇప్పుడు 320 పోతున్నాయి. కాబట్టి పాత గిరాకీలో కొంత యాప్‌కు మళ్లిందేమోనని అనుమానించవచ్చు.

అసలు పెద్ద దెబ్బ సరుకులది. ప్లేటుకు రూ.4 చొప్పున 420 ప్లేట్లకు రూ.1,680. కమీషన్ కంటే ఇది ఎక్కువ. కనుక మొదటి ప్రశ్న పప్పు, నూనె ధర పెరిగిందా, వృథా పెరిగిందా, ప్లేటులో పెట్టే పరిమాణం పెరిగిందా అన్నది. సమస్యను ముక్కలు చేయడం, పెద్ద ముక్కను ముందు పట్టుకోవడం, తెలియనిదాన్ని తెలియదని చెప్పి ఎలా తెలుసుకుంటారో వివరించడం – ఈ మూడూ చూపితే పరీక్షించేవారు సంతోషిస్తారు.

5. చేరే దారులు

అ) డిగ్రీ కాగానే: అనలిస్టు స్థాయిలో తీసుకుంటారు. పేరున్న మూడు సంస్థలు కొద్ది కాలేజీలకే వెళతాయి. మిగతావారు నాలుగు పెద్ద సంస్థల సలహా విభాగాలు, పరిశోధన కేంద్రాలు, డేటా విశ్లేషణ సంస్థల ద్వారా ప్రవేశించవచ్చు. హైదరాబాదులోనూ ఈ ఉద్యోగాలున్నాయి.

ఆ) సీఏ ద్వారా: ఆర్టికల్‌షిప్‌లో కంపెనీల లెక్కలు లోపలి నుండి చూస్తారు. కామర్స్ పిల్లలకు ఇది గట్టి దారి, ఖర్చు కూడా తక్కువ.

ఇ) రెండు మూడేళ్లు ఉద్యోగం చేసి ఎంబీఏ: బెంగళూరు ఐఐఎం 1973 నుండి ఉంది, దీనికి క్యాట్ రాయాలి. ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్‌లో మొదటి బ్యాచ్ 2001లో చేరింది.

6. తల్లిదండ్రులకు

పనిగంటలు ఎక్కువ. వారంలో నాలుగు రోజులు పని ఇచ్చిన సంస్థ ఉన్న ఊళ్లోనే ఉండవలసి రావచ్చు. రెండు మూడేళ్లకొకసారి పై మెట్టు ఎక్కనివారిని వెళ్లమనే పద్ధతి కొన్ని సంస్థల్లో ఉంది. దీన్ని అవమానంగా తీసుకోకండి. అలా బయటికి వచ్చినవారికి ఇతర కంపెనీల్లో మంచి స్థానాలే దొరుకుతున్నాయి.

అప్పు విషయం జాగ్రత్త. విద్యారుణంలో చదువు కాలం, ఆపైన ఒక ఏడాది వాయిదా కట్టనక్కర్లేదు. కానీ వడ్డీ ఆగదు. రెండేళ్ల కోర్సుకు ఏడాదికి పది లక్షల చొప్పున 10 శాతం సాధారణ వడ్డీకి తీసుకుంటే, వాయిదాలు మొదలయ్యే నాటికి వడ్డీయే ఐదు లక్షలవుతుంది. ఆ 25 లక్షలు పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు రూ.33,000 కట్టాలి. వచ్చే జీతం ఎంతో ఊహించే ముందు ఈ అంకెను కాగితం మీద రాసుకోండి. చదువుకునే రోజుల్లో వడ్డీ మాత్రమైనా కట్టగలిగితే భారం చాలా తగ్గుతుంది.

7. ఈ నెల నుండే చేయదగినవి

• వారానికి ఒక కంపెనీ వార్షిక నివేదిక చదవండి. షేర్ మార్కెట్లో నమోదైన కంపెనీల నివేదికలు ఉచితంగా దొరుకుతాయి. లాభం ఎందుకు పెరిగిందో, తగ్గిందో ఒక పేజీ రాయండి.

• ఎక్సెల్ బాగా నేర్చుకోండి. నోటి లెక్కలు, శాతాలు రోజూ పదిహేను నిమిషాలు చేయండి.

• ఒక స్నేహితునితో వారానికి రెండు కేసులు ఇంగ్లీషులో మాట్లాడుతూ సాధన చేయండి. తెలుగు మీడియం పిల్లలు భయపడవద్దు. చిన్న వాక్యాలు, స్పష్టమైన మాటలు చాలు.

• కృత్రిమ మేధ ఉపకరణాలు నిమిషంలో నివేదిక రాసిపెడుతున్నాయి. అందులో తప్పు అంకె పట్టుకోగలవారికే విలువ. సరిచూడటం అలవాటు చేసుకోండి.

• మీ ఊళ్లో ఒక దుకాణదారుని దగ్గర కూర్చుని, ఆయన లెక్క ఒక రోజు రాయండి. ఏది ఎక్కువ అమ్ముడవుతోంది, దేనిమీద ఎక్కువ మిగులుతోంది అని అడగండి. రెండూ ఒకటి కావని ఆయనే చెబుతారు.

ఈ ఉద్యోగం రాకపోయినా ఈ సాధన వృథా పోదు. బ్యాంకు పరీక్షకైనా, సొంత వ్యాపారానికైనా ఇదే పనికొస్తుంది.

శుభాశీస్సులతో,
హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్, బెంగళూరు నుండి ఒక రిటైర్డు బ్యాంకు ఉద్యోగి