సావోపౌలో నగరమున బేరసారములు

బ్రెజిలు దేశమునందు మిక్కిలి పెద్ద నగరము సావోపౌలో. 2022వ సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారము అందు 1 కోటి 14 లక్షలకు పైగా జనులు కలరు. ఇంతమందికి కూరగాయలు, పండ్లు, బట్టలు, పాత్రలు దొరకు చోటులు లెక్కకు మిక్కిలిగా ఉన్నవి. అయినను అచ్చటి ఇల్లాండ్రు చోటు తెలిసినంతమాత్రమున తృప్తి పడరు. ఏ వేళకు పోవలెనో కూడ ఆలోచించి మరీ సంచి చేతబట్టుదురు.

తెలుగు పల్లెలలో వారమున కొకనాడు సంత జరుగునట్లే, సావోపౌలోలో ఒక్కొక్క పేటలో వారమున కొకనాడు వీథిసంత జరుగును. దీనిని వారు 'ఫెయిరా' అందురు. 1914వ సంవత్సరమున నగరపాలకులు వీనికి నియమము లేర్పరచిరి. సోమవారము తప్ప తక్కిన దినములలో ఏదో ఒక పేటలో సంత ఉండనే ఉండును. తెల్లవారకముందే వర్తకులు సరకు దింపి, బల్లలు నిలిపి, పైన రంగుగుడ్డలు కట్టుదురు. వీథిలో వాహనముల రాకపోకలు ఆగిపోవును. టమాటాలు, నారింజలు గిన్నెలలో పోసి, గిన్నె కింత అని వెల చెప్పుదురు. అరటిపండ్లను తెలుగునాటవలెనే డజనుల లెక్కన అమ్ముదురు. ఒక మూల చెరకురసము తీయుచుందురు. ఆ ప్రక్కనే 'పస్తెల్' అను వంటకమును నూనెలో వేయించుచుందురు. అది కజ్జికాయకు దగ్గరి చుట్టము. కాని లోపల తీపికి బదులు మాంసమో జున్నో ఉండును.

ఉదయము వచ్చినవారు మంచి కాయలను ఏరుకొని, అడిగిన వెల ఇచ్చి పోవుదురు. ప్రొద్దు నడినెత్తి దాటగానే వర్తకుల గొంతు మారును. మిగిలిన సరకును తిరిగి మోసికొని పోవుటకన్న అయినకాడికి అమ్ముట మేలని తలచి, ఒక గిన్నె వెలకు రెండు గిన్నెలు కుమ్మరింతురు. ఈ వేళకు 'షేపా' అని పేరు. కొలదిపాటి కూలితో బిడ్డలను పోషించు తల్లి దీనికొరకే కాచుకొని యుండును. ఆమెకు దొరకు టమాటాలు కొంచెము నలిగి యుండవచ్చును; కుండలో ఉడుకు టమాటాకు అందముతో పనియేమి? అంతకన్న పేదలు బల్లలు విప్పునంతవరకు నిలిచి, వర్తకులు విడిచిన కాయలను ఏరుకొని పోవుదురు. పిదప నగరపాలక సేవకులు వీథిని నీటితో కడుగుదురు. సాయంకాలమునకు అచ్చట సంత జరిగిన జాడయే కానరాదు.

నగరమధ్యమున ఒక పెద్ద విపణి కలదు. నగరము స్థాపింపబడిన దినమగు జనవరి 25ననే, 1933లో దానిని తెరచిరి. దాని రంగుటద్దముల కిటికీలపై సేద్యము చేయువారును, పశువులను కాచువారును చిత్రింపబడి యున్నారు. అందు జీడిమామిడిపండును చూచిన తెలుగువాడు బంధువును కలిసికొన్నట్లు సంతసించును. జీడిమామిడికి పుట్టినిల్లు బ్రెజిలే. పోర్చుగీసువారు 16వ శతాబ్దమున దానిని భారతదేశమునకు తెచ్చిరి. అయితే ఇచ్చట జాగ్రత్త అవసరము. కొందరు వర్తకులు తీయని పండుముక్కలను ఉచితముగా రుచి చూపి, పిదప నూరు గ్రాముల వెలను కిలో వెలయన్నట్లు తోపింపజేయుదురు. తూచకముందే వెల అడుగుట తెలివిగలవారి పద్ధతి.

ఆ విపణికి సమీపముననే 'మార్చి 25' అను వీథి యున్నది. 1824లో ఆ దినముననే బ్రెజిలు చక్రవర్తి రాజ్యాంగమును ప్రసాదించెను. సిరియా, లెబనాను దేశములనుండి వచ్చి, మూటలు మోసి అమ్ముకొన్నవారు క్రమముగా అచ్చట అంగళ్లు పెట్టిరి. క్రిస్మసునకు ముందు అందు కాలు మోపుటకు చోటుండదు. బ్రాస్ పేటలోని బట్టల సంత మరియొక వింత. అది తెల్లవారకముందే సాగును. దూరపు ఊళ్ల చిల్లర వర్తకులు రాత్రియంతయు బస్సులలో ప్రయాణము చేసి వచ్చి, మూటలు కట్టుకొని వెంటనే మరలిపోవుదురు. 1966లో ఇగ్వాతెమీ అను పెద్ద అంగళ్ల భవనము వెలసినది. అట్టిచోట నీడయు, చల్లదనమును ఉండును గాని బేరమునకు తావులేదు.

ఈ వేళ పట్టింపునకు ఒక దుఃఖకాలము మరింత పదును పెట్టినది. 1993వ సంవత్సరమొక్కదానిలోనే బ్రెజిలులో వెలలు ఇరువదియైదు రెట్లు దాటెను. ఉదయము కొన్న బియ్యపు వెల మరునాటికి నిలుచునను నమ్మకము లేదు. అంగడి నౌకరు కొత్త వెలల చీటీలు అంటించుచు వచ్చుచుండగా, కొనువారు అతనికంటె ముందు పరుగెత్తి పాత వెల చీటీ ఉన్న డబ్బాలను అందుకొనెడివారు. జీతము చేతికి వచ్చిననాడే నెలకు వలసిన సరకంతయు కొనకున్న, మాసాంతమున ఆ ధనమునకు విలువ మిగిలెడిది కాదు. 1994 జూలై 1న 'రియాల్' అను కొత్త నాణెము వచ్చిన పిదప ఆ బాధ తగ్గినది. నెల మొదటనే సరకు నింపుకొను అలవాటు మాత్రము అనేక గృహములలో నిలిచిపోయినది.

2020 నవంబరునుండి ఫోనుద్వారా తక్షణమే ధనము చెల్లించు ఏర్పాటు కూడ కలిగినది. నేడు టమాటాల బల్లకు సైతము చదరపు గుర్తుగల అట్టముక్క వ్రేలాడుచుండును. అయినను చిల్లర గుప్పిట బిగించి, షేపా వేళకై వీథి మలుపున నిలుచు స్త్రీలు నేటికిని కలరు.