అప్‌డేట్ ఎవరు పంపారమ్మా?

ఏమ్మా చెల్లీ, విజయవాడ స్టేషన్లో రైలు లేటని చెప్పగానే వైఫై ఆన్ చేస్తావు కదూ? 2016 ఏప్రిల్ నాటికి గూగుల్, రైల్‌టెల్ కలిసి వైఫై పెట్టిన మొదటి పది స్టేషన్లలో మనదీ ఒకటిలే. నువ్వు రీల్స్ చూస్తుంటే ఫోన్ ఊరికే కూర్చోదు. అందులోని యాప్‌లు "కొత్తదేమైనా వచ్చిందా?" అని సర్వర్‌ని అడుగుతుంటాయి, ఉందంటే నీకు చెప్పకుండానే దింపుకుంటాయి.

ఆ రాకపోకలు తాళం వేసిన దారిలాంటి హెచ్‌టీటీపీఎస్ మీద జరిగి, వచ్చిన ఫైలు మీద కంపెనీ డిజిటల్ సంతకం కూడా సరిచూసుకుంటే దిగుల్లేదు. తాళంలేని ఉత్త హెచ్‌టీటీపీ అయి, సంతకమూ చూసుకోకపోతేనే తంటా. అదే వైఫైలో ఉన్న మాయగాడెవడో మధ్యలో దూరి తన ఫైలు అంటగట్టొచ్చు. గ్యాస్ కంపెనీ నుంచి వచ్చానన్నవాణ్ణి కార్డైనా చూడకుండా వంటింట్లోకి పంపినట్టే.

మన శ్రీసిటీలో తయారై, 2015 ఆగస్టులో విశాఖలో విడుదలైన రెడ్‌మీ 2 ప్రైమ్ గుర్తుందా? దాన్ని తెచ్చిన షావోమీ కంపెనీ ఫోన్లలోనే ఇలాంటి లోపాన్ని 2019 ఏప్రిల్లో చెక్ పాయింట్ అనే సైబర్ భద్రతా సంస్థ పరిశోధకులు బయటపెట్టారు. విడ్డూరమేమిటంటే, లోపమున్న యాప్ పేరు 'గార్డ్ ప్రొవైడర్'! వైరస్‌లను పట్టుకోవడానికని ఫోన్‌తోపాటే వస్తుంది, తీసేద్దామన్నా మామూలుగా పోదు. ఆ కాపలాదారు తన అప్‌డేట్లు ఉత్త హెచ్‌టీటీపీ మీద తెచ్చుకునేవాడట. పైగా ఒకే యాప్‌లో అవాస్ట్, ఏవీఎల్ లాంటి వేర్వేరు యాంటీవైరస్‌ల సరుకు కలిపి పెట్టారు. ఒకదాని కన్నంలోంచి ఇంకోదాని గదిలోకి వెళ్లే దారి దొరికింది. పరిశోధకులు చెప్పాక షావోమీ సరిచేసింది.

అంతకు కొద్ది రోజుల ముందే డాక్టర్ వెబ్ అనే సంస్థ యూసీ బ్రౌజర్ గుట్టు విప్పింది. అదీ ప్లే స్టోర్‌ని పక్కనపెట్టి, సొంత సర్వర్ నుంచి హెచ్‌టీటీపీ మీద అదనపు భాగాలు దింపుకుంటోందని. 2020 జూన్లో మన ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో అదొకటి. నిషేధించినంత మాత్రాన దివిసీమలో, అవనిగడ్డలోని మీ అత్తగారి పాత ఫోన్లోంచి అది లేచిపోతుందా ఏంటి!

"అయితే అప్‌డేట్లే వద్దక్కా" అనకు. ఆ లోపాల మరమ్మతూ అప్‌డేట్‌గానే వస్తుంది మరి. స్టేషన్లో కాకుండా ఇంటికొచ్చాక చేసుకో. వాట్సాప్‌లో ఎవరో పంపిన, యాప్‌ని నేరుగా ఎక్కించే ఏపీకే ఫైలు మాత్రం ముట్టుకోకు.

ఈసారి అవనిగడ్డ వెళ్లినప్పుడు అత్తగారి ఫోన్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడు. అది ఏళ్లనాటిదై, కొత్తదేమీ రావట్లేదంటే అందులో బ్యాంకు యాప్ ఉంచనివ్వకు. ఆవిడ అలిగితే నా పేరు చెప్పు, నేను మాట్లాడతాలే.