కుండ మీద వేలు, కాంపోజిట్ మీద ప్రోబ్

మా బార్కస్ పేరు బ్యారక్స్ నుంచి వచ్చింది. నిజాం కొలువులోని అరబ్బు సైనికులు ఇక్కడ ఉండేవాళ్ళు. ఇప్పుడు బయటివాళ్ళకి మా ఏరియా అంటే మండీ ఒక్కటే గుర్తొస్తుంది! కానీ దగ్గర్లోనే కంచన్‌బాగ్ ఉంది, డీఆర్‌డీఓ ల్యాబులు ఉన్నాయి. అందులో ఏఎస్ఎల్ అగ్ని క్షిపణుల మీద పనిచేస్తుంది. 2011 నవంబర్ 15న పరీక్షించిన అగ్ని-4లో కాంపోజిట్ రాకెట్ మోటార్ వాడారు. ఆ గోడల పక్క నుంచి వెళ్ళినప్పుడల్లా నాకు ఒకటే డౌట్. పొరలు పొరలుగా అతికించిన వస్తువు లోపల సరిగ్గా అతుక్కుందో లేదో కొయ్యకుండా ఎలా తెలుస్తుంది?

కార్బన్ నారని రెసిన్‌తో తడిపి పొరల మీద పొరలు వేసి గట్టిపరిస్తే కాంపోజిట్. ఇనుముకి దెబ్బ తగిలితే సొట్ట కనిపిస్తుంది. దీనికి పైన చిన్న గీత కూడా పడకపోవచ్చు, లోపల మాత్రం పొరలు విడిపోతాయి. దాన్నే డీలామినేషన్ అంటారు.

కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, ఖంగుమంటే మంచిది, బొంగురుగా మోగితే బీట. విమానాల్లో ట్యాప్ టెస్ట్ కూడా అచ్చం ఇదే. కానీ లోతుగా ఉన్న లోపం దానికి దొరకదు. అందుకే అల్ట్రాసౌండ్.

ప్రోబ్‌కి జెల్ రాసి ఆనిస్తే శబ్దం లోపలికి వెళ్తుంది. జెల్ లేకపోతే మధ్యలోని గాలి దాదాపు మొత్తాన్నీ వెనక్కి కొట్టేస్తుంది. తమాషా ఏంటంటే, లోపలి లోపం దొరికేది కూడా ఈ గుణం వల్లే, ఎందుకంటే విడిపోయిన పొరల మధ్య ఉండేది గాలే.

మన భాషలో చెప్తా. 12 మి.మీ. మందం ఉన్న పలక, అందులో శబ్ద వేగం సెకనుకి సుమారు 3000 మీటర్లు అనుకోండి. వెళ్ళి రావడానికి 8 మైక్రోసెకన్లు. సెకనుకి 10 కోట్ల శాంపిల్స్ తీస్తే, వెనక గోడ ఎకో అర్రేలో 800వ ఇండెక్స్ దగ్గర రావాలి. 300 దగ్గరే పీక్ వచ్చిందా? 4.5 మి.మీ. లోతులో ఏదో ఉంది. రెండుతో భాగించడం మర్చిపోకండి, రానూపోనూ ప్రయాణం అది. ప్రోబ్‌ని పలకంతా తిప్పి, ప్రతి చోటా ఇలా కొలిచి రంగులు వేస్తే సీ-స్కాన్ బొమ్మ వస్తుంది.

ఫ్రీక్వెన్సీ పెంచితే చిన్న లోపాలు కూడా కనిపిస్తాయి, కానీ నార, రెసిన్ కలిసి శబ్దాన్ని మింగేస్తాయి. మందం ఎక్కువైతే తగ్గించుకోక తప్పదు.

2005 మార్చి 6న క్యూబాలోని వరదేరో నుంచి బయల్దేరిన ఎయిర్ ట్రాన్సాట్ విమానానికి కాంపోజిట్ రడ్డర్ గాల్లోనే ఊడిపోయింది. అందరూ క్షేమంగా దిగారు. అప్పటి తనిఖీ పద్ధతులు రడ్డర్ లోపాలన్నిటినీ పట్టుకోలేవని దర్యాప్తులో తేలింది.

అల్ట్రాసౌండ్‌కీ చిక్కని దొంగ ఒకటుంది, కిస్సింగ్ బాండ్. రెండు పొరలు గట్టిగా ఆనుకుని ఉంటాయి, కానీ జిగురు పట్టి ఉండదు. మధ్యలో గాలి లేదు కాబట్టి శబ్దం హాయిగా దాటిపోతుంది, స్క్రీన్ మీద అంతా బాగానే కనిపిస్తుంది. మన ఏఐ మోడల్‌కి ఇచ్చే డేటాలోనే ఆ తేడా సరిగ్గా లేకపోతే, అది మాత్రం ఎక్కణ్ణుంచి నేర్చుకుంటుంది?