అరుదైన జన్యు వ్యాధి: ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలి?

పిల్లవాడికి కామెర్లు వస్తే కాలేయ వైద్యుడి దగ్గరికి వెళ్తాం. చేతులు వణుకుతున్నా, మాట ముద్దగా వస్తున్నా నరాల డాక్టరును కలుస్తాం. ఉన్నట్టుండి చదువులో వెనకబడి, చీటికీ మాటికీ కోపం తెచ్చుకుంటుంటే మానసిక వైద్యుల సలహా అడుగుతాం. మూడు లక్షణాలు, మూడు విభాగాలు, మూడు ఫైళ్లు. కానీ ఈ మూడింటికీ మూలం ఒకే ఒక్క జన్యువులోని లోపం కావచ్చు. విల్సన్ వ్యాధి అలాంటిదే.

అరుదైన జన్యు వ్యాధుల్లో చాలావాటికి ఇప్పటికీ సూటిగా పనిచేసే మందు లేదు. విల్సన్ వ్యాధికి ఉంది. అది కూడా నోటి ద్వారా వేసుకునే మందు, దశాబ్దాలుగా వాడుకలో ఉన్న మందు. సమయానికి గుర్తిస్తే రోగి చదువుకుని, ఉద్యోగం చేసుకుంటూ దాదాపు అందరిలాగే బతకవచ్చు. ఆలస్యమైతే కాలేయానికి, మెదడుకు జరిగే నష్టాన్ని పూర్తిగా సరిచేయడం సాధ్యం కాదు. అందుకే సరైన నిపుణుణ్ని ఎంత త్వరగా చేరామన్నది ఇక్కడ ముఖ్యం. ఈ వ్యాధిని ఉదాహరణగా తీసుకుని ఆ దారి ఎలా ఉంటుందో చూద్దాం.

రాగి బయటికి పోకపోతే

మన శరీరానికి రాగి కొద్ది మోతాదులో అవసరం. ఇక్కడ రాగి అంటే లోహం. జావ కాచుకునే రాగులకూ దీనికీ పేరులోనే పోలిక. తిండి ద్వారా వచ్చిన రాగిలో అవసరమైనంత వాడుకుని, మిగిలినదాన్ని పైత్యరసంలో కలిపి బయటికి పంపడం కాలేయం పని. ఈ పనిని చేసే ప్రోటీన్‌కు సూచనలు ఏటీపీ7బీ అనే జన్యువులో ఉంటాయి. తల్లి నుంచి వచ్చిన ప్రతి, తండ్రి నుంచి వచ్చిన ప్రతి రెండూ లోపంతో ఉంటే రాగి బయటికి పోదు. ముందు కాలేయంలో పేరుకుంటుంది. అక్కడి నుంచి రక్తంలోకి పొంగి మెదడును, కళ్లను, కొందరిలో మూత్రపిండాలను చేరుతుంది.

లండన్‌లో పనిచేసిన నరాల వైద్యుడు శామ్యూల్ అలెగ్జాండర్ కిన్నియర్ విల్సన్ 1912లో ఈ వ్యాధిని వివరించారు. 1956లో జాన్ వాల్ష్ పెన్సిలమైన్ అనే మందును దీనికి వాడవచ్చని చూపించారు. అది రాగిని పట్టుకుని మూత్రం ద్వారా బయటికి తీసుకుపోతుంది. 13వ క్రోమోజోమ్ మీద ఉన్న ఏటీపీ7బీ జన్యువును 1993లో గుర్తించారు. అంటే వ్యాధి తెలుసు, కారణం తెలుసు, మందూ తెలుసు. అయినా రోగులు ఎందుకు ఆలస్యంగా బయటపడుతున్నారు?

అరుదు అనే లెక్క

విల్సన్ వ్యాధి సుమారు 30,000 మందిలో ఒకరికి ఉంటుందని చాలాకాలంగా వాడుతున్న అంచనా. ఈ లెక్కన 30 లక్షల జనాభా ఉన్న జిల్లాలో అన్ని వయసుల వారూ కలిపి 100 మంది ఉంటారు. ఆ జిల్లాలో వైరస్‌ల వల్ల కామెర్లు వచ్చేవాళ్లు అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి కామెర్లతో వచ్చిన పిల్లవాణ్ని చూసి ఊళ్లో డాక్టరు ముందుగా హెపటైటిస్ అనుకోవడం తప్పు కాదు. లెక్క ప్రకారం అదే సరైన ఊహ. ఇబ్బంది ఆ తర్వాత వస్తుంది. కామెర్లు తగ్గకపోయినా, మళ్లీ వచ్చినా, తోడుగా కొత్త లక్షణం కనిపించినా పాత ఊహ దగ్గరే ఆగిపోతే ఆలస్యం మొదలైనట్టే.

బెంగళూరులోని నిమ్‌హాన్స్ వైద్యులు 307 మంది విల్సన్ రోగుల రికార్డులను పరిశీలించి 2004లో ఒక అధ్యయనం ప్రచురించారు. వారిలో 192 మందికి, అంటే ప్రతి ఎనిమిది మందిలో ఐదుగురికి, మొదట వేరే వ్యాధి అని చెప్పారు. లక్షణాలు మొదలైనప్పటి నుంచి అసలు వ్యాధి తేలడానికి సగటున రెండేళ్లు పట్టింది. పెరుగుతున్న పిల్లల మెదడుకు రెండేళ్లు చిన్న వ్యవధి కాదు.

వెతకాల్సింది పేరున్న డాక్టరును కాదు

ఇలాంటి సమయంలో కుటుంబాలు సాధారణంగా చేసే పని, నగరంలో 'పెద్ద డాక్టరు' ఎవరని నలుగురినీ అడగడం. కానీ వణుకుకు పేరున్న నిపుణుడు వణుకునే చూస్తారు, కాలేయానికి పేరున్న నిపుణుడు కాలేయాన్నే చూస్తారు. మనకు ముందు కావాల్సింది లక్షణాలన్నిటినీ ఒకచోట పెట్టి చూసే మనిషి.

ఆ పనిని చాలాసార్లు దగ్గర్లోని పిల్లల డాక్టరో, జనరల్ ఫిజీషియనో మొదలుపెట్టగలరు. వారిని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "డాక్టరు గారూ, ఇవన్నీ ఒకే కారణం వల్ల రావచ్చా?" ఈ ఒక్క మాట కొన్నిసార్లు మొత్తం ఆలోచననే మారుస్తుంది.

తర్వాతి మెట్టు మెడికల్ జెనెటిక్స్ నిపుణులు. పిల్లల వైద్యం, జనరల్ మెడిసిన్ వంటి వాటిలో ఎండీ చేశాక, జన్యు వ్యాధుల్లో మూడేళ్ల డీఎం చదివిన డాక్టర్లు వీళ్లు. ఒకటికి మించి అవయవాలు దెబ్బతిన్నప్పుడు, వచ్చిన మాటలు, నడక వెనక్కి పోతున్నప్పుడు, కుటుంబంలో పిల్లలు కారణం తెలియకుండా చనిపోయినప్పుడు, అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఒకే రకం జబ్బు వచ్చినప్పుడు వీరిని కలవడం మంచిది.

జెనెటిక్ ల్యాబ్ వేరు, జెనెటిక్స్ డాక్టరు వేరు అన్నది కూడా గుర్తుంచుకోవాలి. నేరుగా ల్యాబ్‌కు రక్తం ఇచ్చి వేల రూపాయలు కట్టినా, చేతికొచ్చే నివేదికలో 'ప్రాముఖ్యత తేలని మార్పు' అని రాసి ఉండవచ్చు. ఆ మార్పు రోగానికి కారణమా, కేవలం మనిషికీ మనిషికీ ఉండే తేడానా అన్నది రోగిని చూసిన వైద్యులే బేరీజు వేయాలి. ముందు డాక్టరు, తర్వాత పరీక్ష. ఈ వరస తిరగబడితే డబ్బూ సమయమూ రెండూ పోతాయి.

ఎక్కడికి వెళ్లాలి?

కేంద్ర ఆరోగ్య శాఖ 2021 మార్చిలో అరుదైన వ్యాధుల జాతీయ విధానాన్ని ప్రకటించింది. దాని కింద మొదట ఎనిమిది ఉత్కృష్టతా కేంద్రాలను ఎంపిక చేసింది. వాటిలో హైదరాబాద్‌లోని నిమ్స్ ఒకటి. నగరంలోనే ఉన్న డీఎన్ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ దానికి తోడుగా పనిచేస్తుంది. బెంగళూరులో సెంటర్ ఫర్ హ్యూమన్ జెనెటిక్స్, ఇందిరా గాంధీ ఆసుపత్రి, ఢిల్లీలో ఎయిమ్స్, లక్నోలో సంజయ్ గాంధీ సంస్థ, ముంబయిలో కేఈఎం ఆసుపత్రి ఈ జాబితాలోనివే. తర్వాత చెన్నైలోని ఎగ్మూరు పిల్లల ఆసుపత్రి వంటివి చేరాయి. ఈ విధానం పరిధిలోకి వచ్చే వ్యాధులకు, ఉత్కృష్టతా కేంద్రంలో పేరు నమోదు చేసుకుని చికిత్స పొందేవారికి 50 లక్షల రూపాయల వరకు సాయం అందే వీలుంది. ఆ సొమ్ము రోగి చేతికి రాదు, కేంద్రానికే వెళ్తుంది. వ్యాధి పేరు తేలగానే అది జాబితాలో ఉందో లేదో ఆ కేంద్రంలోనే అడిగి తెలుసుకోవాలి.

ఇవి కాక, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2019లో మొదలుపెట్టిన ఉమ్మీద్ కార్యక్రమం కింద కొన్ని ప్రభుత్వ ఆసుపత్రుల్లో జన్యు వ్యాధుల నిర్ధారణకు, సలహాకు నిదాన్ కేంద్రాలు ఏర్పాటయ్యాయి.

వ్యాధి పేరు తెలిశాక వెతకడం కొంత సులువవుతుంది. ఫ్రాన్స్ కేంద్రంగా 1997లో మొదలైన ఆర్ఫానెట్ అనే సమాచార నిధి ప్రతి అరుదైన వ్యాధికీ ఒక సంఖ్య ఇస్తుంది. విల్సన్ వ్యాధి సంఖ్య 905. పాత కాగితాల్లో ఇదే వ్యాధిని 'హెపటోలెంటిక్యులర్ డీజెనరేషన్' అని రాసి ఉండవచ్చు. పేర్లు మారినా సంఖ్య మారదు కాబట్టి వెతికేటప్పుడు తికమక ఉండదు. ఒక వ్యాధి మీద ఏ ఆసుపత్రి వైద్యులు ఎక్కువ మంది రోగులను చూసి పరిశోధన పత్రాలు రాశారో గమనించడం మరో మార్గం. నిమ్‌హాన్స్ వైద్యులు మూడు దశాబ్దాల్లో చూసిన 282 మంది విల్సన్ రోగుల వివరాలను 2007లో ప్రచురించారు. జిల్లాలో ఒక డాక్టరు వృత్తి జీవితం మొత్తంలో ఒకరిద్దరిని చూసే వ్యాధి అది. అనుభవం ఎక్కడ పోగుపడిందో ఈ సంఖ్యే చెబుతుంది.

వెంట ఏం తీసుకెళ్లాలి?

పెద్ద ఆసుపత్రి ఓపీలో డాక్టరు ముందు కూర్చునే సమయం తక్కువ. ఆ కొద్ది నిమిషాల్లో ఎంత తేలుతుందన్నది మన చేతిలోని కాగితాల మీద కూడా ఆధారపడుతుంది.

• ఒకే పేజీలో తేదీల వారీగా రాసిన కథ: ఏ నెలలో ఏ లక్షణం మొదలైంది, ఏ మందు వాడారు, ఏం మారింది.
• పాత రిపోర్టులన్నీ. ఎంఆర్ఐ అయితే రిపోర్టుతోపాటు ఫిల్మ్ లేదా సీడీ కూడా.
• మూడు తరాల వంశవృక్షం: తాతముత్తాతలు, మేనత్తలు, మేనమామలు, వారి పిల్లలు. చిన్న వయసులో చనిపోయినవారిని, కాలేయ జబ్బు లేదా మానసిక సమస్య ఉన్నవారిని గుర్తు పెట్టాలి. దగ్గరి బంధువుల మధ్య పెళ్లి జరిగితే దాచకుండా రాయాలి.
• వణుకు, నడక, మాట కనిపించేలా ఫోన్‌లో తీసిన చిన్న వీడియోలు. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు లక్షణం కనిపించకపోవచ్చు.
• పిల్లల పాత నోటు పుస్తకం ఒకటి, కొత్తది ఒకటి. విల్సన్ వ్యాధిలో దస్తూరి చెడిపోవడం తొలి గుర్తుల్లో ఒకటి. రెండు పేజీలు పక్కపక్కన పెడితే మార్పు కంటికి కనిపిస్తుంది.

ఒక్క పరీక్షతో తేలదు

విల్సన్ అని అనుమానం వస్తే చేసే తొలి పరీక్షల్లో ఎక్కువ భాగం అరుదైనవి కావు. రక్తంలో సెరులోప్లాస్మిన్ అనే ప్రోటీన్ మోతాదు, 24 గంటల మూత్రంలో రాగి మోతాదు, కంటి డాక్టరు స్లిట్ ల్యాంప్‌తో చేసే పరీక్ష. కార్నియా అంచున గోధుమ రంగు వలయం ఉంటే అది రాగి పేరుకున్న గుర్తు. అయితే మెదడు లక్షణాలున్న వారిలో ఎక్కువ మందికి కనిపించే ఈ వలయం, కాలేయ లక్షణాలు మాత్రమే ఉన్నవారిలో సుమారు సగం మందిలో కనిపించదు. సెరులోప్లాస్మిన్ కూడా శరీరంలో వాపు ఉంటే మామూలుగా ఉన్నట్టు చూపించవచ్చు. అందుకే నిపుణులు లక్షణాలు, పరీక్షలు, జన్యు ఫలితం అన్నిటికీ మార్కులు వేసి, మొత్తం కూడి నిర్ణయిస్తారు. ఒక రిపోర్టు 'నార్మల్' అని వచ్చినంత మాత్రాన వ్యాధి లేనట్టు కాదు.

చికిత్స మొదలుపెట్టడంలోనూ అనుభవం అవసరం. పెన్సిలమైన్ మొదలుపెట్టిన తొలి వారాల్లో కొందరికి నరాల లక్షణాలు ఇంకా పెరుగుతాయి. మోతాదును మెల్లగా పెంచడం, ట్రయెంటిన్ లేదా జింక్ వైపు మారడం, కాలేయం పూర్తిగా దెబ్బతింటే మార్పిడి గురించి ఆలోచించడం నిపుణుల పని. మందు జీవితాంతం వాడాలి. బాగున్నాం కదా అని ఆపేస్తే కాలేయం ఒక్కసారిగా విఫలం కావచ్చు. రాగి చెంబులో, రాగి బిందెలో నిలవ ఉంచిన నీళ్లు ఈ రోగులు తాగకూడదు.

డాక్టరును అడగాల్సినవి

నిపుణుణ్ని కలిసినప్పుడు మొహమాటపడకుండా నాలుగు విషయాలు అడగవచ్చు. ఈ వ్యాధి ఉన్నవారు ప్రస్తుతం మీ దగ్గర ఎంతమంది ఉన్నారు? కాలేయం, నరాలు, కళ్లు చూసే డాక్టర్ల మధ్య సమన్వయం ఎవరు చేస్తారు? ఎన్ని నెలలకోసారి రావాలి, మధ్యలో ఏ పరీక్షలు మా ఊళ్లోనే చేయించుకోవచ్చు? రాత్రివేళ ఏదైనా జరిగితే మా స్థానిక డాక్టరు ఎవరిని సంప్రదించాలి?

చివరి ప్రశ్న శ్రీకాకుళం, ఆదిలాబాద్ వంటి చోట్ల ఉండేవారికి మరీ ముఖ్యం. ప్రతి చిన్న అవసరానికీ హైదరాబాద్ రావడం ఏ కుటుంబానికైనా భారమే. పెద్ద కేంద్రం దారి చూపిస్తే, దగ్గర్లోని డాక్టరు ఆ దారిలో నడిపించాలి. అందుకు డిశ్చార్జ్ సమరీ ప్రతిని స్థానిక డాక్టరుకు ఇవ్వడం మర్చిపోకూడదు.

ఇంట్లో రెండో బిడ్డ

తల్లిదండ్రులిద్దరిలోనూ లోపమున్న ప్రతి ఒక్కొక్కటి ఉంటే, ప్రతి కాన్పులోనూ వ్యాధి ఉన్న బిడ్డ పుట్టే అవకాశం నాలుగింట ఒక వంతు. ఒక ప్రతిలో మాత్రమే లోపం ఉన్నవారికి వ్యాధి రాదు, తమలో అది ఉన్నట్టూ తెలియదు. అలాంటివారు సుమారు 90 మందిలో ఒకరు. 90లో ఒకరు, 90లో ఒకరు, నాలుగులో ఒకరు అని హెచ్చిస్తే సుమారు 32 వేలలో ఒకరు వస్తుంది. మొదట చెప్పుకున్న అంచనాకు ఇది దగ్గర. దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లలో ఈ లెక్క మారిపోతుంది. మేనత్త, మేనమామ పిల్లల మధ్య సగటున ఎనిమిదింట ఒక వంతు జన్యువులు ఉమ్మడిగా ఉంటాయి. మేనమామకూ మేనకోడలికీ మధ్య నాలుగింట ఒక వంతు.

కాబట్టి ఒక బిడ్డకు విల్సన్ వ్యాధి అని తేలితే, ఆరోగ్యంగా ఆడుకుంటున్న తమ్ముడికీ, కాలేజీకి వెళ్తున్న అక్కకూ కూడా పరీక్షలు చేయించాలి. మొదటి బిడ్డలో జన్యు మార్పు ఏదో తెలిస్తే మిగతావారిలో సరిగ్గా దాన్నే వెతకవచ్చు. ఏ లక్షణమూ లేని దశలో మందు మొదలైన పిల్లలను కాలేయ, మెదడు నష్టం నుంచి చాలావరకు కాపాడవచ్చు. మొదటి బిడ్డ నిర్ధారణకు నెలలో, ఏళ్లో పట్టి ఉండవచ్చు. రెండో బిడ్డ విషయంలో అంత ఆలస్యం అక్కర్లేదు. వ్యాధి పేరు చెప్పిన రోజే, ఆ గదిలోంచి బయటికి వచ్చే ముందే, తోబుట్టువులకు పరీక్షలు రాయించుకోండి.